ట్రక్కులో ఎందరు పడతారు

వెంకట్ ఆటలు తయారుచేసి బతుకుతున్నాడంటే తెనాలిలో నమ్మేవాళ్లు తక్కువ. కింది వాటాలో ఉండే ఇంటావిడ కుసుమకుమారి అయితే, "ముప్పయ్యేళ్లు దాటిన మనిషి, పొద్దస్తమానం కంప్యూటర్లో ఆటలేంటండీ" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది. పాపం, ఆవిణ్ణి అనడానికేమీ లేదు. బాపట్లలో ఇంజనీరింగు చదివి, ఉద్యోగం వదిలి, గదిలో కూర్చుని బొమ్మలు కదుపుతుంటే ఎవరైనా అదే అంటారు. ఆట తయారుచేసేది వెంకట్, అమ్మిపెట్టేది బాపట్లలో ఉండే అతని స్నేహితుడు వేదవ్యాస్.

ఆ ఆట మన పులిజూదం లాంటిదే. మన వంతు మనది, ఎదుటివాడి వంతు వాడిది. ఇక్కడ ఎదుటివాడు కృష్ణ వరద. మన పావులు నది మధ్య లంక ఊళ్ల జనం. ప్రతి వంతులోనూ నీళ్లు కొంత మేర ముందుకొస్తాయి. మునిగేలోగా జనాన్ని మెరకకు చేర్చాలి. చిత్రమేమిటంటే, ఆ ఆటలో బండి అన్నది లేదు. ముసలివాళ్లూ బాలింతలూ అందరూ నడవాల్సిందే. ఎంత తెలివిగా ఆడినా సగంమంది దారిలోనే పోతారు. కొన్నవాళ్లు తిట్టిపోశారు.

"ఒరేయ్, ట్రాక్టరు లేని లంక ఎక్కడన్నా ఉంటుందా? బండి పెట్టకపోతే ఈ ఆట ఇంక ఎవడూ ఆడడు" అన్నాడు వ్యాస్ ఫోన్లో. మళ్లీ తనే, "నాకు తెలుసురా. అయినా పెట్టాలి" అన్నాడు.

అతనికి తెలియకేం. మొదట్లో ఆటలో ట్రాక్టర్లు ఉండేవి. అలేఖ్య పోయాక వెంకట్ వాటిని తీసేశాడు.

అలేఖ్య వెంకట్ భార్య. మేనమామ పున్నయ్య కూతురు. చిన్నప్పుడు భట్టిప్రోలులో ఆ మామ భుజాలెక్కి పెరిగిన కుర్రాడు, ఆ మామ తన కాళ్లు కడిగితేనే పెళ్లికొడుకయ్యాడు. మొన్నటి పెద్ద వరదకు అలేఖ్య పుట్టింట్లో ఉంది. లంకలో చిక్కుకున్న కూలివాళ్లను తీసుకురావడానికి పున్నయ్య ట్రాక్టరుకు ట్రక్కు తగిలించుకుని బయల్దేరాడు. ఆడవాళ్లను సముదాయించడానికి నేనుంటానని అలేఖ్యా ఎక్కింది. మా జిల్లాలో బండి నిండిందన్నమాట ఎవడి నోటా రాదు. ఆటోలో ఒళ్లో కూర్చున్నవాడు కూడా, "ఇంకాస్త సర్దుకుంటే ఆమె కూడా పడుద్ది" అంటాడు. అది మా మర్యాద. ఆ రోజు పున్నయ్య కూడా, "సర్దుకోండమ్మా, సర్దుకోండి" అంటూ కట్ట మీద నిలబడ్డ చివరి మనిషి దాకా ఎక్కించాడు. దారిలో కట్ట తెగిన గండి దగ్గర చక్రం జారి ట్రక్కు తిరగబడింది. పోయినవాళ్లలో అలేఖ్య ఉంది.

పెద్దకర్మ నాడు బంధువులందరి ముందూ వెంకట్, "నువ్వే చంపావు మావా" అన్నాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ బండినే మళ్లీ మొదట్నించీ తన చేతులతో తయారుచేయాలి. ప్రోగ్రాములో జనం ఎక్కడం రాశాడు. దిగడం రాశాడు. ఎక్కినవాళ్లు తెర మీద కనపడరు, బండి లోపల ఒక అంకెగా మిగులుతారు. బండి ఎటుపోతే అటు పోవడమే తప్ప వాళ్లకు వేరే కదలిక లేదు. బండి తిరగబడితే ఆ అంకె ఏమవుతుందన్నది మాత్రం రాయలేక లేచి తిరిగేవాడు, టీ తాగేవాడు, మళ్లీ కూర్చునేవాడు. చివరికి పళ్లు బిగించి రాశాడు. ఒక్క వాక్యం. బండితోపాటే అందరూ పోతారు.

మామ మీద కక్షతో ఇంకో నియమం పెట్టాడు. ట్రక్కులో ఆరుగురే పడతారు. అంతకుమించి ఎక్కించొచ్చు గానీ, ఎక్కించినకొద్దీ గండి దగ్గర తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. బుద్ధున్నవాడు ఆరుగురితో ఆపుతాడు. లోకానికి ఆ సంగతి చూపిద్దామనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆడి చూశాడు. ఆరుగురిని ఎక్కించాడు. కట్ట మీద ఒక ముసలమ్మా ఇద్దరు పిల్లలూ మిగిలారు. వాళ్లను వదిలి బండి కదిపాడు. వరద వంతు వచ్చింది, కట్ట మునిగింది, ముగ్గురూ లేరు. తను గీసిన బొమ్మలే, అయినా చూడలేకపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పిల్లల్ని ఎక్కించాడు. ముసలమ్మ ఒక్కతీ ఉంటే ఆమెనూ ఎక్కించాడు. గండి దగ్గర బండి తిరగబడింది. ప్రమాదం ఎంతో లెక్కకట్టింది తనే, అయినా ఎక్కించాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ ఎక్కించాడు. ఎన్నిసార్లు ఆడినా ఆ ముసలమ్మను వదిలి బండి కదపడానికి చెయ్యి రాలేదు.

అసలు అలేఖ్య పోయిన రోజు సాయంత్రానికే ఆ లంక కట్ట కూడా మునిగిపోయిందన్న సంగతి అతను ఎప్పుడో విన్నాడు. విని పెడచెవిన పెట్టాడు. ఇప్పుడది లోపలికి దిగింది. మామను అన్న మాట తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూటే భట్టిప్రోలు వెళ్లడానికి రేపల్లె రైలెక్కాడు. వేమూరు దాటేదాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

భట్టిప్రోలులో తలుపు తీసింది అత్త అంకమ్మ. "ఇన్నాళ్లకు వచ్చావా నాయనా" అని కళ్లొత్తుకుంది. "ట్రాక్టరు అమ్మేశాడు. ఆటో కూడా ఎక్కడు, ఎంత దూరమైనా నడిచే పోతాడు. నువ్వన్నా చెప్పు" అంది.

పెరట్లో గేదెకు గడ్డి వేస్తున్నాడు పున్నయ్య. మనిషి సగమయ్యాడు. మేనల్లుణ్ణి చూసి చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"మావా, తప్పు నీది కాదు. నీ చోట నేనున్నా ఎక్కించేవాణ్ణే. ఆ రోజు అనరాని మాట అన్నాను, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు వెంకట్.

పున్నయ్య మొహంలో ఉన్న కాస్త వెలుగూ పోయింది.

"నువ్వు కూడానా" అన్నాడు. "ఊరంతా అదే మాట రా. పంతులు కర్మన్నాడు, మీ అత్త తలరాతంది. బిడ్డను చంపుకున్నోణ్ణి పట్టుకుని పెద్దమనిషంటారేంట్రా! నువ్వొక్కడివే ఉన్నమాట అన్నావు. తెనాల్లో నా మేనల్లుడు నన్ను తిట్టుకుంటా ఉన్నాడు, నా తల్లి కోసం ఒకడన్నా కోపంగా ఉన్నాడు అనుకుని ఇంత ముద్ద తింటన్నా. ఇప్పుడు నువ్వూ వదిలేస్తే నేనెట్టా బతకాలి?"

బరువు దించుకుందామని వచ్చిన వెంకట్‌కు, తను దించుకుంటే అవతలి మనిషి బతకడని అర్థమైంది. మామకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఎవరెక్కించమన్నారు నిన్ను అంతమందిని?" అన్నాడు. మొదట ఆ మాటలో పస లేదు. "గండి ఉందని తెలీదా? లోపల నీ కూతురుందని తెలీదా? దాన్ని కిందికి దించెయ్యొద్దా?" అంటుంటే నిజం కోపమే వచ్చింది, ఏడుపూ వచ్చింది. "పెద్ద మొనగాడివి! నా పెళ్లాన్ని నీళ్లలో కలిపావు గదరా మావా!"

అంకమ్మ పరుగెత్తుకొచ్చింది. పున్నయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు.

"ఉండవే, అననీ" అన్నాడు. గేదె పక్కనే నేల మీద కూలబడి, తల వంచుకుని, "ఇంకా అనరా" అన్నాడు.