తడిసి వచ్చేవాడికి ఒక దుప్పటి

మౌకే దీవికి ఓడ వస్తుందే గాని ఒడ్డుకు చేరదు. పగడపు దిబ్బకు అవతలే ఆగి, మనుషుల్నీ పిండి బస్తాల్నీ పడవల్లోకి దించుతుంది. ఆ పడవలు అల చూసుకుని సందులోంచి లోపలికి దూసుకొచ్చేసరికి రేవు మెట్లమీద తెపాయెరు నిలబడి ఉండేది. ఆమెకు రావలసిన సరుకంటూ ఏమీ ఉండేది కాదు. దిగినవాళ్ళను అడగడానికి వచ్చేది.

"అతియూ దీవి దగ్గర చేప బాగా పడుతోందట పెద్దమ్మా," అనేవాడు దిగినవాడెవడో, పలకరింపుగా.

"'అట' ఏంట్రా, 'అట'? నువ్వు వెళ్ళొచ్చావా?"

"మా బావమరిది చెప్పాడు."

"అయితే మీ బావమరిదినే పంపు. వాణ్ణే అడుగుతా."

ఊళ్ళో పిల్లలు ఆడుకునేటప్పుడు కూడా "నువ్వు వెళ్ళొచ్చావా?" అని నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెను వెక్కిరించేవారు. అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిందని పెద్దలు తేల్చేశారు. అది అన్యాయం. ఆమె తొమ్మిదో ఏట తండ్రి మకతేయా దీవిలో ఫాస్ఫేటు తవ్వే పనికి వెళ్ళాడు. వచ్చే ఓడకు వస్తాడని మేనత్త చెప్పింది. ఆ పైవచ్చే ఓడకు అని పాస్టరుగారి భార్య చెప్పింది. పదకొండు ఓడలు వచ్చి వెళ్ళాక అక్కడినుంచి తిరిగొచ్చిన ఒక ముసలాయన, మీ నాన్నకు అక్కడ ఇంకో ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు, నా కళ్ళతో చూశాను, ఇక చూడకండి అన్నాడు. పిల్ల ఏడవలేదు. ఇంతమందిలో నిజం చెప్పినవాడు ఇతనొక్కడే, ఎందుకంటే ఇతను వెళ్ళొచ్చాడు, అని మనసులో గట్టిగా రాసుకుంది. ఆ రాత నలభై ఎనిమిదేళ్ళు చెరగలేదు.

అయినా ఆ దీవిలో ఆమె లేకుండా ఒక పెళ్ళి గాని, చావు గాని జరిగేది కాదు. తివైవై దుప్పట్లకు గుడ్డ కత్తిరించే చెయ్యి ఆమెది. సూదినీ దారాన్నీ ఈ దీవులకు ఎప్పుడో మిషనరీల భార్యలు పట్టుకొచ్చారు, ఆడవాళ్ళకు అణకువ నేర్పుదామని. ఆ అణకువ సంగతేమో గాని, పడకగది సగం నిండేంత పూలూ ఆకులూ పరిచి కుట్టే విద్య మాత్రం పుట్టుకొచ్చింది. రంగు గుడ్డను ఎనిమిది మడతలు పెట్టి, ఒక్క మూలనుంచి కత్తెర నడిపిస్తారు. విప్పితే ఒకే ముక్కగా, నలువైపులా ఒకే అందంతో పరుచుకుంటుంది. దాన్ని తెల్లటి దుప్పటిమీద పరిచి పదిమంది చుట్టూ కూర్చుని కుడతారు. మడత దగ్గర కాడను తెగనివ్వకూడదు, అదే అసలు గుట్టు. అక్కడ కత్తెర జారిందా, విప్పేసరికి మొత్తం ఊడి చేతిలోకొస్తుంది. తెపాయెరుకు ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ జారలేదు.

భర్త పోయినప్పుడు ఎర్ర మందారాల దుప్పటి ఆమే కత్తిరించింది. అందులో చుట్టే అతన్ని వాకిట్లో పాతిపెట్టారు. పైన సిమెంటు పలక, దానిమీద రేకుల నీడ. ఉతికిన బట్టలు ఆ పలకమీద ఆరేస్తూ ఆయనతో ఇంటి సంగతులు చెప్పుకునేది. అది అక్కడ మామూలే.

అటువంటిది కొడుకు నూరోవా ఒక శుక్రవారం పొద్దున్నే ట్యూనా చేపకని మోటారు పడవ వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. ఇరవై ఆరేళ్ళవాడు. కొండరాళ్ళ మీదికి ఎగబాకి మైరె తీగ కోసి దండలు కట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు. తొమ్మిది రోజులు వెతికారు. పడవ ముక్క కూడా దొరకలేదు. దొరకలేదు కనుక తెపాయెరు ఒప్పుకోలేదు. గాలి పడమటికి కొడుతుంది, కొట్టుకుపోతే తోంగా దీవుల వైపు తేలతాడు, మూడు నెలలు నీళ్ళమీద బతికి తిరిగొచ్చినవాళ్ళు లేరా? ఉన్నారు. ఆమె ఓడ ఓడకూ రేవుకు వచ్చేది వాడి కోసమే.

ఏడాది నిండాక పాస్టరు తురువా ఆమె ఇంటికి వచ్చాడు. ఆయనది రారోతోంగా దీవి. మౌకేకు వచ్చి మూడేళ్ళే అయింది. ఖాళీ గొయ్యికైనా సరే, తండ్రి పక్కన ప్రార్థన చేసి మూసేద్దాం, మీకు మనశ్శాంతి ఉంటుంది అని మెల్లగా అన్నాడు.

"వాడు పోయాడని ఎవరు చూశారు? మీరు వెళ్ళొచ్చారా?" అంది తెపాయెరు. "మా సముద్రం మీకేం తెలుసు? గేటు అటు."

ఆ ఆదివారం నుంచి చర్చి మానేసింది. ప్రార్థన మాత్రం మానలేదు. అది తగువులోకి దిగింది, అంతే. చర్చికి పెట్టుకెళ్ళే తెల్ల గడ్డిటోపీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చునేది. చర్చిలోంచి పాడే మగవాళ్ళ గొంతులు నేలలోంచి వచ్చినట్టు బరువుగా వినిపించేవి. నువ్వు చూస్తూనే ఉన్నావు గదా, మరి చెప్పవేం, అని పైవాణ్ణి నిలదీసేది. ఖాళీ గొయ్యి మూస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆ మర్నాటినుంచి ఊళ్ళో ఒక్కడూ సముద్రం వైపు చూడడు. ఆ దీవిలో చూసేది ఇక తానొక్కతే. ఒక్క జత కళ్ళకు ఎంత సముద్రం ఆనుతుంది?

అందుకే, ఎవరూ చాటుగా గొయ్యి తవ్వకుండా ఊరిమీద కాపలా కాయడం మొదలుపెట్టింది.

ఆడబిడ్డ అకైతి వారానికి మూడుసార్లు కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు గిన్నె తెచ్చిపెడుతోంది. ఇంత ప్రేమ ఎందుకు? ఆడవాళ్ళ సంఘం హాలు ముందునుంచి వెళితే లోపల నవ్వులు టక్కున ఆగిపోతున్నాయి. పాస్టరు ఎదురుపడితే వంగి చెప్పు సవరించుకుంటున్నాడు. ఆయన చెప్పులకు సవరించడానికేముంది? ఇక మార్చి ఓడలో అకైతి పేరున ఆరు బస్తాల సిమెంటు దిగింది. సిమెంటు దేనికి పనికొస్తుందో ఆమె వాకిట్లోనే ఉంది రుజువు.

సరిగ్గా ఆ వారమే అకైతి ఆకుపచ్చ గుడ్డ ఎనిమిది మడతలు పెట్టి తెచ్చింది.

"కత్తిరించి పెట్టు వదినా. మైరె ఆకు వేయి."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి. గుడ్డకి పేరెందుకు?"

"పేరు లేకుండా నేనెప్పుడైనా కత్తిరించానా? పెళ్ళికూతురికొక పువ్వు, పీనుక్కొక పువ్వు. తెలీదా నీకు?"

"తెలుసులే. ఈసారికి చెయ్యి. పేరు తరవాత చెబుతా." అకైతి మాట్లాడుతున్నంతసేపూ చేమాకు గిన్నె మూతనే చూస్తోంది.

మైరె ఆకు. సిమెంటు. చూపు తప్పించిన ఆడబిడ్డ. ఇంకేం కావాలి? ఆమె వెళ్ళాక తెపాయెరు కత్తెర తీసింది. ఆకులు మాత్రం పొరపాటున కూడా వంకర పోలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. వాడి మెడలో ఆదివారం పూట వేలాడిన దండలాగే ఒక్కొక్క ఆకూ మొనదేరి వచ్చింది. ఆఖర్న మడత దగ్గరికొచ్చి, కాడ మిగిల్చవలసిన చోట కత్తెర పూర్తిగా దించేసింది. బయటికి ఏమీ కనిపించలేదు. జాగ్రత్తగా చుట్టి, దారం కట్టి ఇచ్చేసింది. గొయ్యిలో వేయడానికి గుడ్డ కావాలా మీకు? వేసుకోండి.

ఇక తిట్లకోసం ఎదురుచూసింది. సోమవారం విప్పుతారని తెలుసు. సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం అకైతి చేమాకు తెచ్చింది, వాన పడేలా ఉందంది, వెళ్ళింది. బుధవారం సంఘం పెద్దావిడ ఎదురై పలకరించింది, అంతకుముందుకన్నా నిదానంగా. తిట్టేవాళ్ళను చూస్తే తెపాయెరుకు భయం లేదు. తిట్టవలసినప్పుడు తిట్టనివాళ్ళను చూస్తేనే భయం. ముప్ఫై ఏళ్ళ పేరున్న చెయ్యి ఒక మొత్తం గుడ్డను ముక్కలు చేస్తే, పదిమంది ఆడవాళ్ళు నోరెత్తకుండా ఉన్నారంటే, దీని వెనక ఏదో పెద్దదే ఉంది.

రెండు వారాలు ఓర్చుకుంది. శుక్రవారం మధ్యాహ్నం, ఎండ మండుతుండగా, టోపీ కూడా పెట్టుకోకుండా హాలుకు నడిచింది.

గుమ్మంలోంచే కనిపించింది. నేలమీద తెల్ల దుప్పటి, చుట్టూ తొమ్మిదిమంది. మధ్యలో రెమ్మలన్నిటినీ కలిపి ఉంచవలసిన ఆకుపచ్చ నక్షత్రం పక్కన విడిగా పెట్టి ఉంది. తెగిపోయిన మైరె రెమ్మలు ఎనిమిదీ అంచుల దాకా దూరదూరంగా, దిబ్బ దాటి వెళ్ళిన పడవల్లా పరుచుకుని ఉన్నాయి. అలాగే కుడుతున్నారు. తెగిన కాడను దాచకుండా, దాని చుట్టూ సన్నటి కుట్టు తిప్పుతున్నారు.

తెపాయెరు దుప్పటి వైపు వేలు చూపింది. "ఇది నూరోవాకేగా?"

"వాడికే," అంది అకైతి తలెత్తకుండా.

అనుమానం నిజమైనందుకు ఆమెకు ఒక్క క్షణం సంతోషం లాంటిదే కలిగింది. "గొయ్యిలో వేయడానికి."

"గొయ్యి ఎక్కడుంది? చూపించు."

"ఆరు బస్తాల సిమెంటు?"

"నీళ్ళ తొట్టి కట్టుకున్నా తల్లీ. వచ్చి చూసుకో. నమ్మకపోతే దిగి ఈదు."

ఒకావిడ నవ్వాపుకోలేక దారం కొరికేసింది. తెపాయెరు నవ్వలేదు. "మరి నాకు చెప్పకుండా నాచేత ఎందుకు కోయించారు?"

"చెబితే కోసేదానివా? వాడికి నువ్వు కోసింది గాక ఇంకెవరిదో కప్పుతామా?" అకైతి ఇప్పుడు సూది దించి చూసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వదినా, అమ్మను దుప్పట్లో చుట్టి పంపాం. అన్నయ్యను చుట్టి పంపాం. ఆఖరి దినాన చచ్చినవాళ్ళందరూ లేస్తారు. ఎవరిది వాళ్ళు భుజాన వేసుకుని వస్తారు. సముద్రంకూడా తనలో ఉన్నవాళ్ళని అప్పజెప్పాల్సిందేగా. అప్పుడు మన పిల్లాడు వస్తాడు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ. అంత గుంపులో మనింటి పిల్లాడొక్కడే కప్పుకోడానికేం లేకుండా నిలబడాలా?"

"వాడు బతికే వస్తే?" అంది తెపాయెరు.

"వస్తే మరీ మంచిది. అప్పుడూ తడిసే వస్తాడుగా. ఇదే కప్పుదాం."

తెపాయెరు చాలాసేపు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది, మోసం ఎక్కడుందా అని. "ఈ మాట పాస్టరు నేర్పించాడా నీకు?"

"ఆయనకంత బుర్రెక్కడిది!"

"వింటున్నా," అన్నాడు పాస్టరు తురువా వెనక గుమ్మంలోంచి. ఆయన రెండు చేతులా టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. పారిపోదామంటే కెటిల్ కాలుతోంది, దించుదామంటే నేలంతా దుప్పటి. తెపాయెరు ఆయన్ను వదల్లేదు.

"సముద్రం అప్పజెబుతుందని ఎవరన్నారు? దాని సంగతి నాకు తెలుసు. ఉన్నవాటిని లేవంటుంది, లేనివాటిని చూపిస్తుంది. పూచీ ఎవరు?"

"యేసు."

"ఆయనకెలా తెలుసు?"

పాస్టరు దీనిమీద ఎన్నో ప్రసంగాలు చేసి ఉన్నాడు. వాటిలో ఒక్కటీ ఆ గుమ్మంలో అక్కరకు రాలేదు. కెటిల్ పట్టు మార్చుకున్నాడు. చివరికి, "వెళ్ళొచ్చాడు కనుక," అన్నాడు.

తెపాయెరు ఆయన వైపు పూర్తిగా తిరిగింది.

"చచ్చినవాళ్ళ దగ్గర మూడు రోజులుండి వచ్చాడమ్మా. వచ్చి, మేకుల గాయాలున్న చేతులు చాపి, ఇదిగో చూసుకోండి అన్నాడు. నాకు మీ సముద్రం తెలీదు. మీ అబ్బాయి ఎక్కడున్నాడో తెలీదు. ఆ రోజు గొయ్యి మాట ఎత్తడం నా తప్పే. నేను వెళ్ళొచ్చినవాణ్ణి కాదు. ఆయన వెళ్ళొచ్చాడు. నాకు తెలిసింది అంతే."

ఈ కథ ఆమెకు కొత్తదేం కాదు. నడక రాకముందునుంచీ వింటున్నదే. కాని నలభై ఎనిమిదేళ్ళుగా తాను ఎవరికోసం అడుగుతోందో, అటువంటి మనిషి ఒకడు ఈ కథలోనే ఉన్నాడని ఎవరూ ఆమెకు అలా చెప్పలేదు.

"ఆ తోమా ఉన్నాడే," అంది తెపాయెరు, "ఆయన గాయాల్లో వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్నవాడు. ప్రతి ఏడాదీ అతన్ని ప్రసంగ వేదికెక్కి తిడతారు మీరు. అతనొక్కడే సరిగ్గా అడిగాడు."

"ఇక తిట్టను," అన్నాడు పాస్టరు.

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. దుప్పటి అంచు ఎత్తి వెనక్కి తిప్పి, కుట్లు ఒక్కొక్కటీ గోటితో లాగి చూసింది. తన చేతులు తెంపిన కాడల దగ్గరికొచ్చాక వేళ్ళు ఆగాయి. ఒక్కొక్క తెగినచోటా ఎంత ఓపిగ్గా చుట్టి కుట్టారో చూసింది. క్షమాపణ అడగడం ఆమెకు రాదు, ఊరంతటికీ తెలుసు.

"ఈ వదులు కుట్లు ఎవరివి?"

"నావే," అంది అకైతి.

"తెలుస్తూనే ఉంది. దీన్ని భుజాన వేసుకుంటే మొదటి గాలికే రెమ్మ ఊడుతుంది. ఇలా తే." కత్తెర మొనతో ఆడబిడ్డ కుట్లు విప్పడం మొదలుపెట్టింది. తరవాత విడిగా పెట్టిన నక్షత్రాన్ని అందుకుని, దుప్పటి నడిమధ్యన ఉంచి, అరచేత్తో సాపు చేసింది.

మరుసటి ఓడ వచ్చిన రోజున ఆమె రేవుకు వెళ్ళడం మానలేదు. ఎప్పటిలాగే మెట్లమీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పడవలోంచి దిగిన బియ్యం వర్తకుడు పల్మర్‌స్టన్ దీవి దగ్గర ఏదో పడవ కొట్టుకొచ్చిందట అని మొదలుపెట్టాడు.

"నువ్వు వెళ్ళొచ్చావా?"

"లేదు గాని..."

"అయితే చూసినవాళ్ళెవరో కనుక్కుని ఉత్తరం రాయించు. రంగు అడుగు, మోటారు ఏదో అడుగు." చంకలో ఉన్న కుట్టుసంచి సర్దుకుంది. "తొందరగా కానీ నాయనా, నాకు పనుంది. ఇంకా మూడు రెమ్మలు మిగిలాయి."