ఏర్పేడు చెక్‌పోస్టులో నా పది దినాలు

ఉదయం ఎనిమిదిన్నరకు ఏర్పేడులో దిగినాను. ఎండ అప్పటికే ముదిరింది. గాలి లేదు. సామాను: సంచి ఒకటి, టార్చిలైటు ఒకటి, విజిల్ ఒకటి, సైన్యంలో ఇచ్చిన మగ్గు ఒకటి. డ్యూటీ పది దినాలు. పోస్టు: కాలేజీకి పోయే దోవలో, రెండు టీ అంగళ్ల మధ్య, పది అడుగుల గది. ముందర గాజు తలుపు. వెనక దోవ లేదు.

నిజం చెప్పేస్తా. అది జెరాక్సు అంగడి. మా అక్క కూతురు భారతిది. చిత్తూరులో పది దినాల ట్రైనింగుకు పోతా, అంగడి నాకు అప్పజెప్పింది. మా ఊరు చంద్రగిరిలో నన్నందరూ సుబేదారు అంటారు. ఇరవై నాలుగేండ్లు సైన్యంలో ఉండింది నిజమే. సుబేదారు మాత్రం కాదు, హవల్దారు. అదీ రేషన్ స్టోరులో. పిలిచేవాళ్ల నోరెందుకు మూయించాలని ఊరకుండాను.

బస్సెక్కే ముందు భారతి మూడు ఆర్డర్లిచ్చింది.

“మామా, ఎవురి పెన్‌డ్రైవు పెట్టినా ముందు స్కాన్ చెయ్యాల. తెర మీద ఎర్ర డబ్బా కనబడితే నాకు ఫోన్ చెయ్యాల. మూలలో ఉండే పాత కంప్యూటరును ముట్టుకోగూడదు.”

“ఎందుకని?”

“చెప్పే టైము లేదు, బస్సొచ్చేసింది.”

పది గంటలకు పరిస్థితి గమనించినాను. పిల్లోళ్లు ఎవురి పెన్‌డ్రైవు వాళ్లే తెచ్చి, ప్రింట్లు తీసే లోపలి కంప్యూటరుకు నేరుగా గుచ్చేస్తా ఉండారు. అడిగేవాడు లేడు. తనిఖీ లేదు. సరిహద్దులో ఇట్లుంటే దేశం గతేమి?

మూలలో పాత కంప్యూటరు కనబడింది. గుడ్డ కప్పుకొని, ప్లగ్గు పీకించుకొని, ఎవురికీ అక్కర లేకుండా కూర్చోనుండాది. నా మాదిరే రిటైరైనట్టుండాది. నా మనసొప్పలేదు. తలుపు పక్కన బల్ల వేసి, దాన్ని ఎక్కించి, ప్లగ్గు పెట్టినాను. అట్ట మీద ‘చెక్‌పోస్టు’ అని రాసి తగిలించినాను.

కొత్త రూలు: ప్రతి పెన్‌డ్రైవూ ముందు చెక్‌పోస్టులో దిగాల. నేను తెరిచి చూడాల. ఆ తరవాతే లోపలికి.

“ఏముండాది ఇందులో?”

“అసైన్‌మెంట్లు తాతా.”

“ఇంకా?”

“సినిమాలు.”

“మంచివేనా?”

“ఒకటి మంచిది తాతా.”

“సరే, పో.”

ఐదు దినాలు ఇట్లే నడిచింది. పిల్లోళ్లు వరసలో నిలబడడం నేర్చుకున్నారు. ఎవుడైనా వరస తప్పితే విజిల్ ఊదినాను. లోపలి కంప్యూటరు మాత్రం దినమంతా ఎర్ర డబ్బా చూపించి గోల చేస్తా ఉండింది. చెక్‌పోస్టు దాటొచ్చినోళ్లను మళ్లా ఆపడం మర్యాద కాదని ఆ డబ్బాను మూసేస్తా వచ్చినాను. స్కాన్ చెయ్యమన్న ఆర్డరు నేను తెరిచి చూసేదాంతోనే తీరిపోయిందనుకున్నాను.

ఆరో దినం. మధ్యాహ్నం ఒకటి నలభై. సెల్వి వచ్చింది. కాలేజీలో రీసెర్చి చేసే పిల్ల. నగరి పక్క ఊరు. తెలుగులో మొదలుపెడితే అరవంలో తేలతాది. ఆ దినం నాలుగు గంటలకు థీసిస్ ఇయ్యాల. రెండు కాపీలు. దాటితే ఆరు నెలలు ఆగాల. ఆమె లాప్‌టాపు రెండు దినాల ముందే చచ్చింది. నాలుగేండ్ల పని ఆ పెన్‌డ్రైవులోనే ఉండాది.

చెక్‌పోస్టులో పెట్టినాను. ‘థీసిస్’ అనే ఫోల్డరు తెరుచుకునింది. “పో,” అన్నాను. లోపలి కంప్యూటరుకు గుచ్చితే మళ్లా ఎర్ర డబ్బా. దాని కింద ‘క్లీన్’ అని ఒక గుర్తు. శుభ్రం చేస్తానంటే వద్దనేదెందుకని ఆ దినం దాన్ని నొక్కినాను.

అంతే. ‘థీసిస్’ గుర్తు ఉండాది గానీ నొక్కితే తెరుచుకోలేదు. సైజు చూస్తే ఒక కె.బి.

“కడవుళే! తాతా, నాలుగేండ్ల పని ఒక కె.బి.నా?”

అరవంలో దేవుణ్ణే పిలిచింది. పేపర్ కట్టల మీద కూర్చుండిపోయింది. నేను శత్రువు పనేనని, సరిహద్దులో ఇట్లాంటివి చానా చూసినానని చెప్పినాను. రేషన్ స్టోరులో నేను చూసింది బియ్యంలో పురుగుల్ని.

రెండు గంటల ఐదు నిమిషాలకు చిత్తూరుకు ఫోన్ కలిసింది.

“భారతీ, ఏర్పేడు నుంచి మామను. ఒక డ్రైవులో ఫోల్డరు పోయింది. డ్రైవంతా ఫార్మాట్ చేసి శుభ్రం చేద్దామని ఉండాను. ఓవర్.”

“ఓవరూ లేదు, గీవరూ లేదు! మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యి మామా!”

తీసినాను.

“ఆ డ్రైవు మొదట యాడ పెట్టినావు?”

“చెక్‌పోస్టులో.”

“మన అంగట్లో చెక్‌పోస్టు యాడుండాది?”

“మూలలో ఉండిందాన్ని తలుపుకాడికి తెచ్చినాను.”

“మామా, దాంట్లో పురుగుండాది. అందుకే ప్లగ్గు పీకి పెట్టినా. ఏ డ్రైవు గుచ్చినా అందులోకి దూరతాది. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే దొంగ గుర్తులు పెడతాది. ఆ గుర్తు నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటాది, పురుగూ పనిలోకి దిగతాది. ఫోల్డరు తెరుచుకుంటాది గదా, ఎవురికీ అనుమానం రాదు. నువ్వు క్లీన్ నొక్కితే పురుగు చచ్చింది, దొంగ గుర్తు చెడింది. ఫోల్డరు ఆడనే దాంకోనుండాది. ఫార్మాట్ చేసినావంటే మాత్రం నిజంగానే పోతాది.”

చెక్‌పోస్టు ప్లగ్గు పీకినాను. భారతి ఫోన్లోనే చెప్పి, లోపలి కంప్యూటరునూ, డ్రైవునూ పూర్తిగా స్కాన్ చేయించింది. ఇరవై నిమిషాలు. సెల్వి గోడ గడియారం మీద నుంచి కన్ను తియ్యలేదు. ఆ తరవాత భారతి ఫోన్ను స్పీకరులో పెట్టించి, ఆర్డర్లు కొట్టే నల్ల తెర తెరిపించింది. డ్రైవుది ఏ అక్షరమో చూసి, ఆ అక్షరం, దాని పక్కన రెండు చుక్కలు కొట్టించింది.

“ఇప్పుడు ఆట్రిబ్ అని కొట్టు. ఖాళీ విడువు. మైనస్ హెచ్. ఖాళీ. మైనస్ ఆర్. ఖాళీ. మైనస్ ఎస్. ఖాళీ. వాలుగీత ఎస్. ఖాళీ. వాలుగీత డి.”

“గీత ఏ పక్కకు వాలాల?”

“కుడి పక్కకు.”

“నా కుడా, దాని కుడా?”

సెల్వి లేచొచ్చింది. “తళ్ళుంగ తాతా,” అని నన్ను పక్కకు తోసి, తానే కొట్టింది. ఎంటర్ నొక్కింది. తెర ఊరకుండింది. డ్రైవు మళ్లా తెరిచి చూస్తే దొంగ గుర్తు పక్కన పసుపు రంగు ఫోల్డరు. లోపల ఏడు అధ్యాయాలు. లెక్క పెట్టింది. మళ్లా లెక్క పెట్టింది.

రెండు యాభై. థీసిస్‌ను లోపలి కంప్యూటరులోకి కాపీ చేసినాము, ఆమె మెయిల్‌కు పంపినాము. దొంగ గుర్తును తీసేసినాము. ప్రింటు మొదలైంది. మూడు ఇరవైకి మొదటి కాపీకి బైండింగు అయింది.

“తాతా, మీరు సైన్యంలో ఈ పనిలోనే ఉండినారా?”

“ఊఁ,” అన్నాను.

“మీరు లేకపోతే నేను ఈ పొద్దు చచ్చిపోయుందును. ఈ పురుగును పెట్టినోడి చేతులు పడిపోను!”

నా చేతులు అప్పుడు ఆమె రెండో కాపీకి అట్ట వేస్తా ఉండాయి.

“పెట్టినోణ్ణి నేనే పాపా. ఆ పాత కంప్యూటరును ముట్టుకోవద్దంటే ముట్టుకున్నాను. ఎర్ర డబ్బా వస్తే ఫోన్ చెయ్యమంటే మూసేసినాను. మీ కాలేజీకంతా నేనే అంటించినాను. సైన్యంలో నేను బియ్యం కొలిచినాను.”

ఆమె నన్ను చూసింది. గడియారం చూసింది. మూడు ఇరవై ఐదు.

“తిట్టేదానికి ఇప్పుడు టైము లేదు. రేపొస్తా,” అని తలుపు తోసుకొని పోయింది.

చెప్పినట్టే మరుసటి దినం తొమ్మిదికి వచ్చింది. థీసిస్ అందింది. నన్ను నిలబెట్టి, పావుగంట అరవంలో తిట్టింది. నాకు సగమే అర్థమైంది. అన్నిటికీ తలూపినాను. తరవాత ఇంకో కుర్చీ లాక్కొని కూర్చునింది. తలుపుకు నేను కొత్త అట్ట కట్టినాను: ‘ఇక్కడ మీ పెన్‌డ్రైవుకు పురుగు పట్టించింది నేనే. తెస్తే తీసిస్తాను.’ నాలుగు దినాలు ఇద్దరం అదే పని. స్కాన్, నల్ల తెర, కాపీ, ఆ తరవాతే ఫార్మాట్. ఇంటికాడ కంప్యూటరు ఉండేవాళ్లకు దాన్ని గూడా స్కాన్ చెయ్యమని చెప్పి పంపినాము. వాలుగీత ఏ పక్కకు వాలాలో ఇప్పుడు నాకు తెలుసు.

పదో దినం సాయంత్రం బస్సులో చంద్రగిరికి తిరిగొచ్చినాను. వీధిలో “ఏం సుబేదారూ, డ్యూటీ ఎట్లుండె?” అన్నారు. “హవల్దారును,” అన్నాను. ఎవురూ నమ్మలేదు.

కండ్లు మూస్తే ఒకటే కనబడతాది. మూడు ఇరవై ఆరు. తారు కాగతా ఉండే రోడ్డు. ఆటో ఒకటీ లేదు. కాలేజీ గేటు కిలోమీటరు దూరం. సెల్వి తెగిన చెప్పును మరో చెప్పుతో కలిపి ఒక చేత్తో పట్టుకొని, రెండు కాపీలను రొమ్ముకు అదుముకొని, వట్టి కాళ్లతో పరిగెత్తతా ఉండాది. నేను గాజు తలుపు పట్టుకొని నిలబడి ఉండాను. ఆ పిల్ల ఒక్కసారి గూడా వెనక్కి తిరగలేదు.