మైనస్ పద్దెనిమిదిలో మెడికల్ సీటు

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం బాలానగర్‌లోని ఐస్‌క్రీమ్ గోదాము దగ్గర హాజరైనవారు: మా నాన్న, మా అమ్మ, మా చెల్లెలు షారోన్, గోదాము సూపర్‌వైజర్ యాదగిరన్న, నేను. హాజరైన వస్తువులు: రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాప్, అమ్మ శాలువా, నాన్న రెయిన్‌కోటు, ఫ్లాస్కు నిండా టీ, గోడలెత్తున ఐస్‌క్రీమ్ అట్టపెట్టెలు. రావలసి ఉండీ రానిది నా తెలివి. దానివల్ల జరిగిన ఘోరాన్నే చెప్పబోతున్నాను. చలి పడనివారు పక్కన ఒక దుప్పటి పెట్టుకుని చదవండి.

ముందు కారణం చెప్పాలి. షారోన్‌కు రెండు మెడికల్ సీట్లు వచ్చాయి. ఒకటి, కూకట్‌పల్లిలోని మా ఇంటినుంచి రెండు గంటల బస్సు దూరంలో. రెండోది రష్యాలో. సోమవారం ఉదయంలోపు ఏదో ఒకటి ఖాయం చేయకపోతే రెండూ పోతాయి.

నాన్న రష్యా పక్షం. ఎందుకంటే చర్చిలో అందరికీ ముందే చెప్పేశారు. అమ్మ ఇక్కడి పక్షం. షారోన్ ఏ పక్షమో ఎవరికీ తెలియదు. పాపం, రెండు మూడుసార్లు నోరు తెరిచింది. తెరిచినప్పుడల్లా మేము అందులో ఇడ్లీ ముక్కో సలహానో పెట్టేశాం.

"ఫ్యాన్ మూడులో పెడితేనే తుమ్ముద్ది. ఆ చలిలో ఏం బతుకుద్దండీ?" అంది అమ్మ.

"అక్కడ మాత్రం మనుషులు లేరా?" అన్నారు నాన్న.

"వాళ్ళు అక్కడే పుట్టారు. ఇది కాకినాడలో పుట్టింది."

ఈ వాదన నెల రోజులుగా నడుస్తోంది. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మా ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చినా, దాన్ని నానా రకాలుగా నొక్కి, గిల్లి, ఏడిపించి చూస్తేగానీ బయటికి వదలరు. బటన్‌కే అంత మర్యాద ఉంటే, సొంత చెల్లెల్ని పరీక్షించకుండా రష్యాకు వదులుతామా?

"ఇద్దరూ ఆగండి. టెస్ట్ చేద్దాం," అన్నాను.

షరతులు చదివి వినిపించాను. షారోన్ గోదాములో అరగంట ఉండాలి. ఉండగలిగితే రష్యా. ముందే బయటికి వచ్చేస్తే ఇక్కడి కాలేజీ. తమదే గెలుపని ఎవరికి వారే నమ్మారు కాబట్టి అమ్మా నాన్నా వెంటనే ఒప్పుకున్నారు.

"అన్నయ్యా, నేనొకటి చెప్పనా?" అంది షారోన్.

"టెస్ట్ అయ్యాక చెబుదువుగానిలే."

యాదగిరన్న మా వీధిలోనే ఉంటాడు. విషయం వినగానే ఆయన నావైపు తిరిగాడు.

"ఏంది తమ్మీ, డాక్టర్ చదువుకు గిట్ల ఐస్‌ల పెట్టి చూస్తరా? మావోడు సివిల్ ఇంజినీరింగ్ చదువుతుండు. మరి వాణ్ని యాడ పెట్టాలె?"

"కాంక్రీటు మిక్సర్లో పెట్టన్నా. మా అన్నయ్యే వచ్చి తిప్పుతాడు," అంది షారోన్.

అమ్మ దానికి స్వెట్టర్లు రెండూ తొడిగి, క్యాప్ పెట్టి, శాలువా చుట్టి, పైన రెయిన్‌కోటు వేసింది. కొరియర్‌లో పంపడానికి సిద్ధం చేసిన మిక్సీలా తయారైంది పిల్ల. నేను మాత్రం ఆఫీసువాళ్ళిచ్చిన టీషర్టులో, రబ్బరు చెప్పులతో నిలబడ్డాను.

"తమ్మీ, జర గీ కోటు ఏస్కో. లోపల మైనస్ పద్దెనిమిది ఉంటది."

"నేను పరీక్ష రాసేవాణ్ని కాదన్నా, ఇన్విజిలేటర్ని."

"గా ముచ్చట చలికి ఎర్కనా?"

నవ్వి లోపలికి నడిచాను. తలుపు మూసుకుంది.

మొదటి ఊపిరికే ముక్కులో వెంట్రుకలు చీపురు పుల్లల్లా నిలబడ్డాయి. కళ్ళజోడు తెల్లబడిపోయింది. రోజంతా ఏసీ కింద కూర్చునే నాకు చలి ఒక లెక్కా అనుకున్నాను. ఈ చలి ముందు ఆఫీసు ఏసీ మేనత్త ఒడి! చెప్పుల్లోంచి ఏదో పైకి పాకుతోంది. మోకాళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. అయినా ఇన్విజిలేటర్‌గా నా ధర్మం నిర్వర్తించాలి కదా! "ఎలా ఉంది షారోన్?" అని అడగబోయాను. నోట్లోంచి పాత కుట్టుమిషన్ చప్పుడు వచ్చింది.

"ఏంటన్నయ్యా?"

మళ్ళీ కుట్టుమిషన్.

"ఎక్కడ ఇబ్బందిగా ఉంది? కాళ్ళా? చేతులా? గుండెల్లోనా?"

నేను పూర్తి సమాధానం ఇచ్చాను. సమాధానంలో ఉన్నవన్నీ దంతాలే. తలుపు కోసం తడుముకుంటూ వెళ్ళి, మామిడిపండు ఐస్‌క్రీమ్ పెట్టెల దొంతరను తలుపే అనుకుని కౌగలించుకున్నాను. పై పెట్టె జారి నా నెత్తిన కూర్చుంది. నేను కింద కూర్చున్నాను.

షారోన్ కంగారు పడలేదు. నా నాడి పట్టుకుని చూసింది. రెయిన్‌కోటు విప్పి, తన క్యాప్, శాలువా తీసి నాకు చుట్టింది. పెట్టెలు లాగే ట్రాలీ మీద నన్ను మడతపెట్టి, తలుపు బాది, బయటికి తోసింది. నేను వద్దన్న కోటును యాదగిరన్న చేతిలోంచి తీసుకుని తొడుక్కుంది.

"టెస్ట్ ఇంకా అవలేదుగా," అని మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నన్ను ఎండలో కూర్చోబెట్టి గోనెసంచులు కప్పారు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నా చేతుల మధ్య టీ గ్లాసు పెట్టి, తన సర్వీసంతా తలుచుకుని మరీ తిట్టింది.

"ఇన్నేళ్ళలో ఐస్‌క్రీమ్ గోదాములో చలి తగిలిన పేషెంటుని చూళ్ళేదురా తింగరోడా! ఇప్పుడు చూశాను. అదీ నేను కన్నదే!"

"పరేషాన్ గాకమ్మా," అన్నాడు యాదగిరన్న. "జర ఎండ తగిల్తే కరుగుతడు."

నాన్న మమ్మల్ని పట్టించుకునే స్థితిలో లేరు. గడియారం చూసుకుంటూ మురిసిపోతున్నారు. "చూశావా? నా కూతురికి సైబీరియా కూడా చాలదు!"

సరిగ్గా అరగంటకు షారోన్ బయటికి వచ్చింది. తుమ్మలేదు.

"చలి ఎలా ఉంది తల్లీ?"

"హాయిగా ఉంది నాన్నా. నెల రోజుల్లో మొదటిసారి అరగంటసేపు నాకెవరూ సలహా చెప్పలేదు. కూర్చుని ఆలోచించుకున్నాను."

"అయితే రష్యాయే!" పాస్టరుగారికి చెప్పడానికి నాన్న ఫోను తీశారు.

"కాదు నాన్నా. ఇక్కడే చదువుతాను."

నాన్న వేలు ఫోను మీదే ఆగిపోయింది. "అదేంటే? పాసయ్యావు కదా!"

"నా భయం చలి గురించి కాదు. అదే చెప్పబోయాను, ఎవరూ విన్లేదు. లోపల అన్నయ్యను ఎక్కడ ఇబ్బందో అడిగాను. మనవాడే, మాట్లాడిందీ తెలుగే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. రేపు అక్కడ ఎవరో ముసలావిడ రష్యన్‌లో తన నొప్పి చెబుతుంటే, నేను నిలబడి తలూపాలా? పేషెంటు చెప్పేది అర్థమయ్యే చోటే నేర్చుకుంటాను."

నాన్న ఫోను జేబులో పెట్టుకున్నారు. "మరి చర్చిలో ఏం చెప్పనే?"

"ప్రార్థన ఫలించిందని చెప్పండి," అంది అమ్మ.

"ఎవరి ప్రార్థనని అడిగితే?"

"నాదని చెప్పండి."

సోమవారం ఉదయం ఇక్కడి సీటు ఖాయమైంది. షారోన్ ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. నేను నా రెండు చెవులూ పట్టుకుని, అవి ఇంకా ఊడిపోలేదన్న కృతజ్ఞతతో, ప్రమాణం చేస్తున్నాను: మా ఇంట్లో ఎవరి చదువు గురించైనా మళ్ళీ సందేహం వస్తే, ఫ్రీజర్ తలుపు తెరిచే ముందు వాళ్ళను నోరు తెరవనిస్తాను.

టెస్టర్ని కాబట్టి చివర రిపోర్టు ఇవ్వక తప్పదు. లోపలికి వెళ్ళినవారు: ఇద్దరు. సొంత కాళ్ళమీద బయటికి వచ్చినవారు: ఒకరు.