ప్రథమ ఫలం జాడీ

మా దుమ్ముగూడెం చర్చిలో ఎవరు కొత్త ఆవకాయ పెట్టినా, మొదటి జాడీని రుచి చూడకుండా ప్రథమ ఫలంగా మందిరానికి ఇస్తాం. ఆ వేసవి నేనూ అట్లాగే ఇచ్చి, మళ్లీ కలిపిన రెండో జాడీని భద్రాచలంలో మహిళా సంఘాల పచ్చళ్ల పోటీకి తీసుకుపోయాను. డ్వాక్రా మీటింగుల్లో నన్నెవరూ లెక్కచేసేవారు కాదు. ఒక్కసారి నా పేరు మైకులో వినాలని ఆశపడ్డాను.

మొదటి బహుమతి మా పాస్టరమ్మకు వచ్చింది. బల్ల మీద ఆమె జాడీ చూశాను. మూతికి కట్టిన గుడ్డ నా పాత చీర ముక్క.

"అమ్మగారూ, ఇది నేను మందిరానికిచ్చిన జాడీ గదా?" అన్నాను మెల్లగా.

"అవ్. దేవునికిచ్చినంక ఇంకా నీదెట్లయితది చెల్లె?" అని నవ్వింది. "నువ్వు తెచ్చినదాంట్ల ఉప్పు జర ఎక్కువైందంట, చూస్కోవాలె."

ఆదివారం ఆరాధనలో ఆ బహుమతి గురించి ఆమె సాక్ష్యం చెప్పింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇచ్చినదాన్ని చాటుకోకూడదని బైబిలు వాక్యంలో నేర్చుకున్నదాన్ని గదా.

మరుసటి ఏడు కూడా మందిరానికి జాడీ ఇచ్చాను. అది మొదటిది కాదు. ఆ సంగతి దేవునికి తెలుసు. ప్రార్థనలో మాత్రం నేను ఇంతవరకు ఆ మాట ఎత్తలేదు.