గరిటెల లాయరు

నా పెళ్ళికి తిరుపతిలో నాయన కుదిర్చిన మండపం మీద, దాని సొంతదారులైన అన్నదమ్ములిద్దరు కోర్టుకెక్కి ఉన్నారు. వాటాలు తేలేదాకా చూసుకోమని కోర్టు ఒక లాయరును రిసీవరుగా పెట్టింది. పెళ్ళిళ్ళు జరగొచ్చు, ఆస్తి మాత్రం చెదరకూడదు. ఆ మాటను ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మేము దిగీ దిగగానే గంగాళాలతో పాటు గరిటెలు కూడా నాయనకు లెక్కపెట్టి అప్పజెప్పి సంతకం చేయించుకున్నాడు. ప్రతి గరిటెకీ ఎర్ర రంగుతో నంబరు. నాకు ఒళ్ళు మండి గరిటెల లాయరని పేరు పెట్టాను. కాసేపటికే చుట్టాలందరి నోటా అదే పేరు.

పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం కూరగాయలు దింపుతుండగా ఒకాయన నలుగురు మనుషులతో, అరచేయంత బీగంతో వచ్చాడు. తమ్ముడి దగ్గర మండపం కొన్నాడట.

"రిజిస్ట్రేషన్ అయిపోయినాది. సామాన్లు తీసుకోని బయటికి నడవండి," అన్నాడు.

నాయన వంకాయల గోతం మీద కూలబడ్డాడు. తెల్లవారితే ముహూర్తం. ఊరంతా పత్రికలు పంచి ఉన్నాం. చేతుల గోరింటాకుతోనే నేను కొట్లాటకు మేడ దిగాను. నాకంటే ముందే గరిటెల లాయరు ఫైలు చంకన పెట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఈ మండపం ఇప్పుడు అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదప్పా. తీర్పు వచ్చేదాకా కోర్టు చేతిలో ఉండాది. ఎవురూ అమ్మకూడదు, బీగం వేయకూడదని స్టే ఉండాది, సూడు. నీకు హక్కుంటే పోయి కోర్టులో అడుగు. ఈడ గేటు ముట్టుకుంటే నువ్వు కొట్లాడేది నాతో కాదు, కోర్టుతో."

వచ్చినాయన కాగితం రెండుసార్లు చదివి, ఎవరికో ఫోన్ చేసి, బీగం తీసుకుని వెళ్ళిపోయాడు. నాయన కళ్ళు తుడుచుకుని వంకాయలు లోపలికి మోయించాడు.

మరునాడు తాళి కట్టేటప్పుడు లాయరు లోపలికి రాలేదు. నాయన గేటు దగ్గరికే అక్షింతలు తీసుకెళ్ళి రమ్మని పిలిచాడట. "వాళ్ళు మళ్ళీ వస్తారేమో, నేను ఈడనే ఉంటా," అన్నాడట.

శ్రీకాళహస్తిలో అత్తగారింట సారె విప్పితే లడ్డూల బుట్టలో ఎర్ర నంబరు గరిటె. అమ్మ తొందరలో సర్దేసింది. అందరూ పడీ పడీ నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ మా ఆయనా జంటగా చేసిన మొదటి ప్రయాణం, ఆ గరిటె పట్టుకుని తిరుపతి బస్సులో.

"రెండు దినాలుగా వెతుకుతా ఉండానమ్మా," అంటూ లాయరు దాని నంబరు చూసి జాబితాలో టిక్కు పెట్టాడు. ఆ తర్వాత ఫైల్లో స్టే కాపీ వెనక నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. నాయన ఇచ్చిన అక్షింతలు.

"ఆ పొద్దు గేటు వదల్లేకపోతిని."

పేరు పెట్టిన నేనే మా ఆయన చెయ్యి లాగాను. ఇద్దరం లాయరు ముందు వంగాం. పసుపు బియ్యం మా తలల మీద పడి నేలంతా చిందాయి. వాటిని మాత్రం ఆయన లెక్కపెట్టలేదు.