వీరస్వామి చూడని బెల్టు

జనగామ వైపు పల్లె నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చిన వీరస్వామి, లాలాపేట్‌లో పని నేర్చుకుని తార్నాకలో సొంత షెడ్డు వేసుకున్నాడు. మొదట్లో అతన్ని నమ్మి బండి అప్పగించింది కామాక్షమ్మ. ఆమెది కర్నూలు. భర్త మల్లికార్జున యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. వాళ్ళది వేలంలో కొన్న పాత విదేశీ కారు. బ్రేకుకు బలమిచ్చేది, స్టీరింగును తేలిక చేసేది ఒకే నూనె పంపు. ఆ బండి గుట్టు తార్నాకలో వీరస్వామికి తప్ప ఎవరికీ తెలియదు.

సకల జనుల సమ్మె నాటి మాట. బస్సులు లేవు. భర్తను డయాలసిస్‌కు కామాక్షమ్మే కారులో తీసుకెళ్ళేది. ఒక ఉదయం షెడ్డు ముందు బండి ఆపింది.

"బ్రేకు రాయి మాదిరి గట్టిగా ఉందప్పా. మలుపు తిప్పేటప్పుడు స్టీరింగు గూడా బరువైతాంది."

ఆ రెండు మాటలు కలిపి వింటే చాలు, పంపు దగ్గరే ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. కానీ అంతకు మూడు రోజుల ముందే వీరస్వామి కొడుకు శివకుమార్ క్యాంపస్‌లో తెలంగాణ ర్యాలీకి పోయి పోలీసుల లాఠీ దెబ్బలు తిని ఇంటికొచ్చాడు. వాడి వీపు మీది వాతలే అతని కళ్ళలో మెదులుతున్నాయి.

"ప్యాడ్లు అరిగినయ్. మార్చి పంపుతా," అన్నాడు.

"మరి స్టీరింగు?"

"టైర్లల్ల గాలి తక్కువున్నది. నా పని గూడ మీరే నేర్పుతరా? అన్నీ మీవోళ్ళకే తెలుసు గదా!"

కామాక్షమ్మ మొహం చిన్నబోయింది. ప్యాడ్లు మార్పించుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు శివకుమార్ పరుగున వచ్చాడు.

"నాయినా, కామాక్షమ్మ కారు గోడకు గుద్దింది! మేం ర్యాలీల ఉన్నం. బ్రేకు పడలే. మా మీదికి రావద్దని బలమంత పెట్టి పక్కకు తిప్పింది. చెయ్యి ఇరిగింది. మేమే దవాఖానకు తోల్కపోయినం."

బండిని షెడ్డుకు తెప్పించాడు వీరస్వామి. ఇంజను ఆపి, పెడల్ బిగిసేదాకా అయిదారుసార్లు తొక్కాడు. కాలు తీయకుండా స్టార్ట్ చేశాడు. పంపు బాగుంటే పెడల్ కాస్త దిగి, మళ్ళీ కాలిని పైకి నెట్టాలి. అది కదలలేదు. బానెట్ ఎత్తితే పంపును తిప్పే బెల్టు నున్నగా అరిగి, వదులై జారుతోంది. చూడటానికి పట్టింది రెండు నిమిషాలు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాడు. కామాక్షమ్మ మణికట్టుకు కట్టు ఉంది.

"తప్పు నాదే అమ్మా. మీరు చెప్పిన్నాడే చూడాల్సింది."

ఆమె కోప్పడలేదు. "ఇన్నేండ్లూ నా మాట విన్నావు కదప్పా. ఆ పొద్దు ఎందుకు వినలేదు?"

కారణం అతనికి తెలుసు. లేచి షెడ్డుకు వచ్చేశాడు. కొత్త బెల్టు వేసి బండి పంపించాడు గానీ, అది మళ్ళీ అతని షెడ్డుకు రాలేదు.

తెలంగాణ వచ్చిన రోజు తార్నాక చౌరస్తాలో వీరస్వామి తనివితీరా ఆడాడు. ఆ వారంలోనే మిఠాయి పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వెళితే తలుపుకు తాళం వేసి ఉంది. సారు పోయి ఏడాదైందని, అమ్మగారు కర్నూలు వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. సారు పోయిన సంగతి కూడా తనకు తెలియలేదే అనుకుంటూ, మిఠాయి పొట్లంతోనే షెడ్డుకు తిరిగి వచ్చాడు.