గేర్‌బాక్సు కింది బోల్టు

సువార్త గారి జ్ఞాపకార్థ కూడికలో మైకు అందరికీ ఇచ్చారు, నాకు తప్ప. ఆమెతో పనిచేసినవాళ్ళు, ఆమెను పెళ్ళిళ్ళలో తప్ప ఎరగని చుట్టాలు, అందరూ మాట్లాడారు. "సౌమ్యురాలు" అన్నారొకరు. "ఎవరినీ నొప్పించని మనిషి" అన్నారింకొకరు. నేను చెయ్యెత్తాను. "భోజనాల వేళయిందండీ, తరవాత చూద్దాం" అన్నారు. ఆ తరవాత ఇంతవరకు రాలేదు. వస్తుందన్న ఆశ కూడా లేదు కనక నేను చెప్పాల్సింది ఇక్కడే రాస్తున్నాను.

ఇవాళ పొద్దున మా షెడ్డులో ఆమె కారు కిందనుంచి బయటికొచ్చి, ఒక తెల్ల గుడ్డముక్క మీద గేర్‌బాక్సు నూనె ఒక్క చుక్క వేశాను. చుక్క మెల్లగా పాకింది. నడుమ ఎరుపు, చుట్టూ లేత గులాబి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త నూనె వాసన, దాని వెనక ఎక్కడో సబ్బు వాసన. ఆ గుడ్డ ఆమె చీరదే. ఆదివారం ఆరాధనకు కట్టుకునే తెల్ల చీర చిరిగితే చదరాలుగా కత్తిరించి డబ్బాలో దాచేది. ఏ నూనెనైనా ఆ గుడ్డ మీద పడ్డాకే నమ్మేది. "వాసన చూడవయ్యా ప్రసాదూ. కళ్ళు మొహమాటపడతాయి, ముక్కు పడదు" అనేది.

ఆమె సౌమ్యురాలు కాదు. మా ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ విభాగానికి పెద్ద. నేను ఆమె కింద జూనియర్ ఇంజనీరుగా చేరేనాటికే ఆమె గొంతు యంత్రాల చప్పుడు మీదుగా అవతలి గోడ దాకా వినిపించేది. చల్లపల్లి అవతల, సముద్రం గాలి తగిలే ఊరు వాళ్ళది. చౌడు నేల సాగుచేసుకుని బతికిన కుటుంబం. చదువుకుని ఇంజనీరయినా ఆమె ఆలోచన మాత్రం కాలువలూ తూములూ గట్ల మీదుగానే నడిచేది.

నాకు ఆమె నేర్పిన మొదటి పాఠం ఫిర్యాదు రాయడం. ఒక పంపు సీలు కారుతోందని నేను చెప్పిన మాట పై అధికారి పట్టించుకోలేదు. మీటింగులో అందరి ముందూ "నువ్వు కూర్చోవయ్యా" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. ఇంటికెళ్ళి కాగితం అటూ ఇటూ నింపి, తెచ్చి సువార్త గారి బల్ల మీద పెట్టాను. ఆమె కళ్ళజోడు పైకి నెట్టి చివరిదాకా చదివింది.

"బాగుంది. ఇందులో నీ బాధ ఉంది, నీ సీనియారిటీ ఉంది, ఆయన పొగరుంది. పంపు ఎక్కడుంది?"

"చివర్లో రాశానండీ."

"చివరిదాకా ఎవడు చదువుతాడు? నేను కాబట్టి చదివాను. పంపు ముందు పెట్టు. నీ బాధ చివర్లో పెట్టు. జాగా మిగిలితేనే."

మళ్ళీ రాశాను. నాలుగు వాక్యాలయింది. ఆ వారంలోనే సీలు మార్చారు. ఆ అధికారిని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ సంగతి ఆమెకు చెబితే, "క్షమించమని నేనెప్పుడన్నాను? పని కానిచ్చుకోమన్నాను" అంది.

రిటైరయ్యాక ఇబ్రహీంపట్నంలో మా వీధిలోనే ఇల్లు కట్టుకుంది. ఎడమ మోకాలు సహకరించక క్లచ్ తొక్కలేనని, గేర్లు తనంతట తానే మార్చుకునే కారు కొనుక్కుంది. కొన్నేళ్ళు బాగానే నడిచింది. తరవాత, రెండో గేరు నుంచి మూడుకు వెళ్ళేటప్పుడు వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఒక కుదుపు మొదలైంది. "దీనికి నూనె మార్చాలి" అందామె. ఇద్దరం కలిసి విజయవాడలోని సర్వీస్ సెంటరుకు వెళ్ళాం.

కౌంటరు వెనక టై కట్టుకున్న మేనేజరు ఉన్నాడు. ఆయన మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు.

"మేడం, గేర్‌బాక్సులో ఉండేది లైఫ్‌టైం ఆయిల్. మార్చక్కర్లేదు."

"ఎవరి లైఫ్‌టైం బాబూ? నాదా, బండిదా?"

కాఫీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. మేనేజరు నవ్వలేదు.

"సీలు చేసి వస్తుంది మేడం. బయటగానీ ఇంట్లోగానీ విప్పారంటే గేర్‌బాక్సు మొత్తం పోతుంది. మాకు సంబంధం లేదు."

"మార్చక్కర్లేని నూనెకు కింద బోల్టు ఎందుకు పెట్టారు?"

ఆయన ఆమె వైపు చూడటం మానేసి నా వైపు తిరిగాడు. "సార్, మీరైనా మేడంకి చెప్పండి. ఇవన్నీ టెక్నికల్ విషయాలు."

ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ ఏ నూనె పోయాలో, ఎప్పుడు తీయాలో నిర్ణయించిన మనిషితో అన్న మాట అది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం వాళ్ళిచ్చిన కాఫీ పూర్తిగా తాగి, కప్పు పెట్టి, "పద ప్రసాదూ" అంది. ఆ సాయంత్రమే నేను కంపెనీకి మెయిల్ పెట్టాను. పంపు ముందు పెట్టమన్న పాఠం మర్చిపోకుండా మొదటి వాక్యంలోనే బోల్టు పెట్టాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. నేను అభిప్రాయం చెప్పలేదు. ప్రశ్న అడిగాను. మళ్ళీ రాశాను, మళ్ళీ అదే ధన్యవాదం.

"రాస్తూ ఉండు. రాస్తూనే చెయ్యి కూడా కదిలించు" అంది సువార్త గారు.

కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఏ రకం నూనె అని ఉందో సరిగ్గా అదే ఆటోనగర్‌లో వెతికి తెచ్చాం. నూనె అమ్మినతను, "మెషిన్ పెట్టి గంటలో మొత్తం కడిగేస్తామండీ" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. బోల్టు విప్పితే నూనెంతా దిగదు, సగానికి తక్కువే దిగుతుంది. మిగతాది లోపలి డొల్లల్లో ఉండిపోతుంది. అందుకే కొంత తీసి, అంతే కొత్తది పోసి, కొన్నాళ్ళు బండి తిప్పి, మళ్ళీ తీసి మళ్ళీ పోయాలని ఆమె పద్ధతి.

"చౌడు ఒక్క తడికి పోతుందా? మా నాన్న చేనంతా నీళ్ళు నిలగట్టి, ఉప్పు కరిగేదాకా ఆగి, మురుక్కాలువలోకి వదిలేవాడు. మళ్ళీ నిలగట్టేవాడు. మూడు తడులకు గాని నారు నిలబడేది కాదు. దీనికీ అంతే."

కారును నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలబెట్టి నేను కిందికి దూరాను. ఆమె ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంది. నా స్పానరు కింది బోల్టు మీద పడగానే అరిచింది.

"ఆగవయ్యా! ముందు పైది."

"కిందిది తేలిగ్గా వచ్చేట్టుందండీ."

"తేలిగ్గా వచ్చేదాన్ని ఎవడైనా విప్పుతాడు. కాలువ పారుతోందో లేదో చూడకుండా మురుక్కాలువ గట్టు తెంచితే చేనేమవుతుంది?"

"ఎండుతుందండీ."

"ఎండాక కాలువవాళ్ళ మీద ఫిర్యాదు రాస్తావు. అదేగా నీ పద్ధతి!"

పై బోల్టు, అంటే నూనె పోసే బోల్టు, కదల్లేదు. తుప్పు వదిలే మందు కొట్టి, ఆగి, స్పానరుకు పొడుగు పైపు తొడిగి ఇద్దరం దాంతో పొద్దంతా కుస్తీ పట్టాం. ఆమె కుర్చీలోంచే పట్టింది, నోటితో. చివరికి కిర్రుమని కదిలింది. కిందిది ముందు విప్పి ఉంటే నూనె కారిపోయి, కొత్తది పోసే దారి లేక, బండి అక్కడే కూలబడేది. గేర్‌బాక్సు పోతుందన్న ఆ మేనేజరు మాట నిజమయ్యేది.

అప్పుడు కిందిది విప్పాను. దిగింది నూనెలా లేదు, మరిగి మరిగి ఇంకిన కషాయంలా ఉంది. మాడిన వాసన. బోల్టు చివరి అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి పొడి పట్టుకుంది. గరుకు ముక్కలు లేవు, బండికి ఇంకా ఆయుష్షుంది అందామె. తెల్ల గుడ్డ మీద చుక్క నల్లగా ఉండిపోయింది. ఆమె దాన్ని వెలుగులో పట్టుకుని, "లైఫ్‌టైమంట" అని నవ్వింది. ఎంత దిగిందో కొలిచి అంతే పోశాం. కారు దించి, ఇంజను నడుపుతూ, బ్రేకు తొక్కిపెట్టి ఒక్కో గేరులో కాసేపు ఉంచాం. మట్టం సరిచూసుకున్నాం. పాత నూనెను కాలువలో పొయ్యనివ్వలేదు, డబ్బాలో పట్టి మళ్ళీ ఆటోనగర్ పంపింది.

రెండో తడికి చుక్క ఇటుక రంగుకు వచ్చింది. కుదుపు బాగా తగ్గింది. మూడోది పెట్టుకునేలోగా ఆమె గుండె ఎదురుతిరిగింది. ఆస్పత్రిలో చూడటానికి వెళితే, నా పరామర్శ మొదలుకాకముందే అడిగింది.

"మూడో తడి ఎప్పుడు?"

"మీరు ఇంటికొచ్చాక చేద్దామండీ."

"నా రాకకూ దానికీ ఏం సంబంధమయ్యా? బోల్టులు నీకు తెలుసుగా."

ఆమె ఇంటికి రాలేదు. కూడిక అయిన కొన్నాళ్ళకు ఆమె చెల్లెలు తాళంచెవి, గుడ్డముక్కల డబ్బా తెచ్చి, "బండి మీకే ఇవ్వమంది అక్క. పని సగంలో ఉందట" అని నా చేతిలో పెట్టింది. మైకు ఇవ్వకపోయినా ఇది ఇచ్చారు. ఇది పెద్దది. అయినా మైకు సంగతి మర్చిపోను.

ఇవాళ మూడో తడి చేశాను. పక్కన కుర్చీ ఖాళీగా వేసుకున్నాను. ముందు పైది విప్పాను. ఎవరి మీదైనా ఫిర్యాదుకు కూర్చున్నప్పుడు కూడా ఈ మధ్య నేను ముందు అదే చూసుకుంటున్నాను, పోసే దారి ఉందా అని. నూనె మార్చాక గొల్లపూడి దాకా వెళ్ళి వచ్చాను. రెండో గేరు మూడుకు మారిందని చెవికి తెలిసింది గాని ఒంటికి తెలియలేదు. వచ్చి, మళ్ళీ కారు కిందికి దూరి, గుడ్డ మీద చుక్క వేశాను. ఎరుపు.

అంచేత, సర్వీస్ సెంటరు మేనేజరు గారూ, పంపు ముందు పెడుతున్నాను. ఇంట్లోనే విప్పాం. గేర్‌బాక్సు పోలేదు. కుదుపు పోయింది. ఇక చివర్లో, జాగా మిగిలింది కనక, నా బాధ. మీరు ఆ రోజు నా వైపు తిరిగారు. అడిగింది నేను కాదు, ఆమె. ఆమె అడిగింది ఒక్కటే: మార్చక్కర్లేని నూనెకు కింద బోల్టు ఎందుకు పెట్టారు? ధన్యవాదాలు వద్దు, జవాబు కావాలి. సువార్త గారి పేరు మీదే రాయండి. అందుకోవడానికి నేనున్నాను.